ఆర్పినా ఆరని వరస

టెస్టర్ మామ కరెంటు లేకుండా దీపాలు వెలిగించాడు. ఒకటీ రెండూ కాదు, నలభై ఎనిమిది. అదీ ముప్పై ఏళ్ల కిందట చేసిన పనికి ముప్పై ఏళ్ల తర్వాత వెలిగేలా.

సరే, కొంచెం ఎక్కువైంది. కరెంటు లేకుండా కాదు, స్విచ్చి ఆపేశాక. నలభై ఎనిమిది కాదు, ముప్పై రెండు. వాటిలో రెండు మాడిపోయినవి. వెలగడమన్నది కూడా పెద్ద మాటే. ఆ వెలుగు పేపరు చదువుకోవడానికి చాలదు, మనిషిని బెదరగొట్టడానికి మాత్రం సరిపోతుంది. మిగతాదంతా అక్షరం పొల్లుపోని నిజం.

మామ వైరింగు పని చేసి రిటైరైన మనిషి. అసలు పేరు వాళ్లావిడకు కూడా తడుముకుంటే గానీ గుర్తురాదు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. అదే, కొన తీగకి తాకిస్తే పిడిలో నారింజ చుక్క వెలిగే స్క్రూడ్రైవరు. చుక్క వెలిగితే తీగలో కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తోటి పనివాడు "అది చచ్చిన తీగే మామా" అని ఒట్టు పెట్టుకున్నా సరే, టెస్టరు పెట్టి చూసుకోనిదే ముట్టుకునేవాడు కాదు. "వాళ్లావిడ వడ్డించిన కంచానికి కూడా టెస్టరు పెడతాడు" అని నవ్వేవాళ్లు. కానీ నలభై ఏళ్లలో ఆయనకి ఒక్క షాకు తగల్లేదు, ఆయన చేసిన ఇంట్లో ఎవరికీ తగల్లేదు. "టెస్టర్ మామ స్విచ్చి పెడితే, ఆపితే ఆగినట్టే" అన్నది ఆ వీధుల్లో మాట.

ఈ జాగ్రత్త వెనక ఒక రహస్యం ఉంది. మామకి ఎరుపు కనపడదు.

చూపు లేక కాదు. సూదిలోకి దారం ఎక్కించగలడు. ఎరుపు మాత్రం ఆయన కంటికి బొగ్గులా ఉంటుంది. వైరింగులో వచ్చే తీగ ఎర్రది, అంటే ఫేజు. పోయే తీగ నల్లది, న్యూట్రల్. కాస్త వెలుతురు తగ్గిందంటే ఆ రెండూ మామకి కవల పిల్లలే. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆయనకి సంగతి అర్థమైంది. చెబితే పని పోతుంది. చెప్పలేదు. టెస్టరు కొనుక్కున్నాడు.

రిటైరయ్యాక పొద్దుపోక కూతురు చిట్టి షాపులో కూర్చునేవాడు. ఆమె దుకాణాల మీద వెలిగే పేర్ల బోర్డులు చేస్తుంది. బల్ల నిండా ఎల్‌ఈడీలు, సోల్డరింగ్ పొగ, ముక్కులోకి దూరే గమ్మత్తు వాసన.

"నాన్నా, దాన్ని నేరుగా బ్యాటరీకి పెట్టకు."

అప్పటికే పెట్టాడు. ఎల్‌ఈడీ ఒక్కసారి తళుక్కుమని చచ్చిపోయింది.

"ఇదేంటే, పలకరించేలోపే పోయింది!"

"మీ పాత బల్బులో తీగ వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకుంటుంది. దీనికా బుద్ధి లేదు. తలుపు తెరుచుకుందంటే ఎంతొస్తే అంత మింగి చస్తుంది. అందుకే ముందర ఒక రెసిస్టరు పెట్టాలి."

"కాపలావాడన్నమాట. మరి తిరగేసి పెడితే?"

"వెలగదు. దారి ఒకవైపే. పొడుగు కాలు ప్లస్సుకి, పొట్టి కాలు మైనస్సుకి."

"మీ అమ్మలాగా. మాటలు బయటికొస్తాయి గానీ లోపలికి పోవు."

"అమ్మతో చెప్పనా?"

"చెప్పు. వినదుగా."

చిట్టి నవ్వి, ఒక ఎల్‌ఈడీని వేళ్ల మధ్య పట్టుకుని చెప్పింది. లోపల రెండు ముక్కలు అతికించి ఉంటాయి. ఒకదాంట్లో ఎలక్ట్రాన్లు ఎక్కువ, రెండోదాంట్లో వాటికి ఖాళీలు ఎక్కువ. కరెంటు తోసినప్పుడు ఎలక్ట్రాను గట్టు మీంచి ఖాళీలోకి పడుతుంది. ఆ పడటంలో పుట్టేదే వెలుగు. గట్టు పొట్టిదైతే ఎరుపు, ఎత్తుదైతే నీలం. అందుకే ఎర్రదానికి సుమారు రెండు వోల్టులు చాలు, నీలానికి మూడు దాకా కావాలి.

రంగుకి అంకె ఉంటుందని మామకి అరవై ఏడేళ్లు ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం కలిసిపోయిన ఎల్‌ఈడీల డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కొక్కదానికీ మీటరు పెట్టి ఎరుపూ నీలమూ వేరుచేశాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"వెలుగుతున్నప్పుడు చూస్తే తెలుస్తుందిగా నాన్నా, కొలవడం దేనికి?" అంది చిట్టి.

"కళ్లు మొహమాటపడతాయమ్మా. మీటరు పడదు."

చిట్టి ఆయన వైపు ఒక క్షణం ఎక్కువసేపు చూసింది. తర్వాత రిపేరుకొచ్చిన బోర్డు ఒకటి ఆయన ముందుకి తోసింది. పది ఎల్‌ఈడీలని పక్కపక్కనే కలిపి, అన్నిటికీ కలిపి ఒక్కటే రెసిస్టరు పెట్టాడెవరో. ఆరు నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"పదీ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి కాస్త తేలిగ్గా తెరుచుకుంటుంది. కరెంటంతా దాంట్లోకే పోతుంది. పోతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా తేలిగ్గా తెరుచుకుంటుంది, ఇంకా ఎక్కువ మింగుతుంది. అది మాడి తెగిపోయాక దాని వాటా కూడా మిగతావాటి మీద పడుతుంది. అక్కణ్నించి వరసగా పోతాయి. దేనికది ఒక రెసిస్టరు పెట్టి ఉంటే ఏ గొడవా లేదు."

"మరి ఇన్నాళ్లు ఎలా వెలిగింది?"

"తప్పుగా కలిపినవి కూడా వెలుగుతాయి నాన్నా. అదే వాటితో వచ్చిన చావు."

మామ ఆ బోర్డుని తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాడు.

ఆ బుధవారం భోజనాల దగ్గర వాళ్లావిడ చెప్పింది. ఆమె పెద్ద లాండ్రీలో పాతికేళ్లుగా పనిచేస్తోంది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, మడతలు పెట్టే హాలు ఆమె చేతికింద. గుడ్డల నూగు బయటికి పోకూడదనో, బయటి దుమ్ము లోపలికి రాకూడదనో గానీ ఆ హాలుకి కిటికీలు లేవు. పగలైనా దీపాలే దిక్కు.

"సోమవారం కొత్త బల్బులు పెట్టారయ్యా, ఎల్‌ఈడీవి. బాగానే ఉన్నాయి. కానీ ఆపితే ఆరడం లేదు."

"ఆరకపోవడమేంటి?"

"సన్నగా వెలుగుతూ ఉంటాయి, కళ్లు సగం మూసి చూస్తున్నట్టు. కొన్నయితే ఉండుండి తటాల్న మెరుస్తాయి. నా కింద పనిచేసే పిల్లలు దుప్పట్లు తేవడానికి ఒంటరిగా వెళ్లం అంటున్నారు. ఆసుపత్రి దుప్పట్లతో పాటు ఎవరో వచ్చారంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"వచ్చినవాళ్లు ఊరికే ఉండకపోతే నాలుగు మడతలు పెట్టమన్నాను."

మామ నవ్వలేదు. ఆ హాలుకి వైరింగు చేసింది ఆయనే.

"శనివారం వాటిని తుడవాలి" అంది ఆవిడ. "ఇదివరకైతే సెలవు రోజున మెయిన్ ఆపేసి, బల్బులు చల్లారాక తుడిచేవాళ్లం. ఇవి వేడెక్కవటగా. పని ఆపక్కర్లేదు, ఒక్కో వరసా స్విచ్చి ఆపుకుని తుడుచుకోండి అన్నాడు సూపర్‌వైజరు. హోల్డర్ల నిండా నూగు పట్టేసింది. బల్బు తీసి తడిగుడ్డ పెడితే గానీ వదలదు."

"శనివారం నువ్వు సెలవు పెట్టు."

"ఎందుకు?"

"ఊరికే."

"పెళ్లయి నలభై ఏళ్లకి సరదా పుట్టిందా? నేను ఎక్కకపోతే ఆ పిల్లల్లో ఎవరో ఒకరు ఎక్కుతారు, పడతారు. పోనీలే, నీ చేతి వైరింగేగా. ఆపితే ఆగినట్టే."

గురువారం మామ లాండ్రీకి వెళ్లాడు. యంత్రాల హోరులో సూపర్‌వైజరు చెవి దగ్గరికొచ్చి అరిచాడు: "మంచి టైముకొచ్చావు మామా! నీ దీపాలకి ప్రాణమొచ్చింది!"

మడతల హాల్లో నాలుగు వరసలు, వరసకి ఎనిమిది బల్బులు. మామ మొదటి వరస స్విచ్చి ఆపాడు. బల్బులు ఆరాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపే ఆ చీకట్లోంచి బూడిద రంగు వెలుగు ఒకటి పైకి తేలింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత వరసంతా. ఆవిరి పట్టిన గాలిలో అవి ఆయనకేసే చూస్తున్నట్టున్నాయి.

నిచ్చెన ఎక్కి, బల్బు తీసి, ఖాళీ హోల్డరులోకి టెస్టరు కొన పెట్టాడు. స్విచ్చి ఆపే ఉంది. నారింజ చుక్క వెలిగింది.

ముప్పై ఏళ్ల కిందటి మధ్యాహ్నం ఒక్కసారి ఎదురొచ్చి నిలబడింది. లాండ్రీ తెరిచే రోజు. అంతా అయిపోయింది, బయటినుంచి వచ్చే రెండు లావు తీగల్ని లైటింగ్ బోర్డుకి కలపడం ఒక్కటే మిగిలింది. అప్పుడే టెస్టరు జేబులోంచి జారి సబ్బునీళ్ల తొట్టిలో పడింది. పాత యజమాని గడియారం చూసుకుంటున్నాడు. బోర్డు గదిలో ఒక్క కొవ్వొత్తి. "ఇందులో ఎర్రదేది?" అని ఆ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. రెండు నల్ల తీగల్లో ఒకదాన్ని ఎంచుకున్నాడు. స్విచ్చి వేయగానే హాలంతా భగ్గున వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. రేపు వచ్చి చూసుకుందాం అనుకున్నాడు. వెలిగే దీపం దగ్గరికి ఎవడు మళ్లీ వెళ్తాడు?

ఎంచుకున్నది తప్పు తీగ. స్విచ్చి వచ్చే దారిని కోయాలి. ఇక్కడ పోయే దారిని కోస్తోంది. కుళాయిని గొట్టం మొదట్లో కాకుండా చివర పెట్టినట్టు. కట్టేస్తే నీళ్లు కారవు, కానీ గొట్టం నిండా నీళ్లే. పాత బల్బులకి అంత తక్కువ కరెంటు ఒక లెక్క కాదు గనుక అవి నోరు విప్పలేదు. ఈ కొత్తవి అలా కాదు. తీగలోంచి గోడలోకి, ఇనప చట్రంలోకి జారే పిసరంత కరెంటుని కూడా తమ లోపలి కెపాసిటర్లో బొట్టు బొట్టుగా పోగుచేసుకుని, నిండగానే వెలుగుతాయి. ముప్పై ఏళ్లుగా దాగున్నదాన్ని మూడు రోజుల్లో బయటపెట్టాయి.

సరిచేయడం అరగంట పని. కానీ బోర్డు గది తాళం సూపర్‌వైజరు దగ్గరుంది. తాళం తీయాలంటే రిజిస్టరులో కారణం రాసి, కింద సంతకం పెట్టాలి. మామ ఆ రిజిస్టరు దాకా వెళ్లాడు. పేజీ తిప్పాడు. మూసేశాడు.

"ఏమైంది మామా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏం లేదు. కొత్త బల్బుల జబ్బు."

శుక్రవారం చిట్టిని అడిగాడు. ఎక్కడో, ఎవరో, ఒక ఇంట్లో అన్నట్టు అడిగాడు.

"బల్బుకి అడ్డంగా చిన్న కెపాసిటరు పెడితే పోతుంది. కారే కరెంటు దాంట్లోంచి పోతుంది, బల్బు దాకా రాదు" అంది చిట్టి. "కానీ నాన్నా, ముందు స్విచ్చి ఏ తీగలో ఉందో చూడాలి. స్విచ్చిలో చిన్న దీపం ఉన్నా ఇలా అవుతుంది, తీగ బాగా పొడుగైనా అవుతుంది. అదైతే పర్లేదు. స్విచ్చి న్యూట్రల్లో ఉంటే మాత్రం ఆ వెలుగు ఆర్పకూడదు. ఆ ఇంట్లో నిజం చెబుతున్నది అదొక్కటే." ఆయన మొహం చూసింది. "ఎవరిల్లు నాన్నా?"

"నీకు తెలియదులే" అని ఎనిమిది కెపాసిటర్లు జేబులో వేసుకున్నాడు. చిట్టి డబ్బా వైపు చూసింది, మీటరు వైపు చూసింది.

శనివారం షిఫ్టు మొదలవకముందే మామ లాండ్రీలో ఉన్నాడు. ఇవాళ్టికి వెలుగు మాయం చేస్తాను, భయం పోతుంది, పరువు నిలుస్తుంది. ఆవిణ్ని ఎలాగోలా మాటల్లో పెట్టి నిచ్చెన ఎక్కకుండా చూస్తాను. వచ్చే సెలవు రోజున మెల్లగా సరిచేస్తాను. ఇదీ లెక్క. మొదటి వరసకి ఎనిమిదీ బిగించి స్విచ్చి ఆపాడు. పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు. ఒక్క బల్బూ కళ్లు తెరవలేదు. టెస్టరు పెడితే చుక్క మాత్రం అలాగే వెలిగింది.

అప్పుడు మామకి చెమట పట్టింది. నిన్నటిదాకా ఆ వరస పులిలా కనపడేది. ఇప్పుడు పిల్లిలా పడుకుంది.

అయినా ఆవిడ రాకముందే వచ్చేస్తాలే అనుకుని, మరో ఎనిమిది తెచ్చుకుందామని షాపుకి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి షిఫ్టు మొదలైంది. యంత్రాలు హోరెత్తుతున్నాయి. హాలు గుమ్మంలోకి అడుగుపెట్టి చూస్తే అవతలి చివర మొదటి వరస కింద ఇనప నిచ్చెన. దాని మీద వాళ్లావిడ. తడి నేల మీంచి ఎక్కింది, చెప్పులు కిందే విడిచింది. ఇవాళ ఆరింది ఈ ఒక్క వరసే కాబట్టి ఆవిడ ధైర్యంగా దీనితోనే మొదలుపెట్టింది. బల్బు తీసి కొంగున వేసుకుంది. నీళ్లోడే గుడ్డని పిండకుండానే వేలికి చుట్టుకుంటోంది.

"ఏయ్!" అని అరిచాడు. ఆ అరుపు ఆయనకే వినపడలేదు.

నలభై అడుగులు. మధ్యలో దుప్పట్ల బండ్లు. పరుగెత్తి అందుకోలేడు, దీపాలన్నీ ఒక్కసారి పోతేనే ఆవిడ చెయ్యి ఆగుతుంది. పక్క గోడకి లైట్ల లైనులోదే ఒక ప్లగ్గు ఉంది. మామ జేబులోంచి రెండు కొనలూ గీకిన తీగ ముక్క తీసి, రబ్బరు పిడి ఉన్న కట్టరుతో పట్టుకుని, రెండు కొనలూ ప్లగ్గు రెండు రంధ్రాల్లోకి నెట్టాడు.

ఢామ్మని నీలి మంట లేచింది. ఫ్యూజు పోయింది. హాలు మొత్తం చీకటి. ప్లగ్గులో ఆ తీగ ముక్క రెండు దారుల్నీ కలిపే ఉంది గనుక ఏ వరసలోనూ ఆ బూడిద వెలుగు కూడా లేదు.

ఎవరో కెవ్వుమన్నారు. చప్పుడుకి బెదిరి యంత్రాలవాళ్లు యంత్రాలు ఆపేశారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి పనివేళలో ఆ లాండ్రీలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వాళ్లావిడ గొంతు:

"ఎవడ్రా అది? నిచ్చెన మీద మనిషుందని కళ్లు కనపళ్లేదా?"

"నేనేనే. కదలకు."

"నువ్వా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. సరేలే, ఎలాగూ కరెంటు పోయిందిగా. తడుముకుంటూనే ఈ ఒక్కటీ తుడిచేస్తాను."

"వద్దు!" మామ అరిచాడు. "పోలేదు. కరెంటు పోలేదు. దీపాలే పోయాయి."

"మతి పోయిందా మామా?" చీకట్లోంచి సూపర్‌వైజరు. "ఫ్యూజు కొట్టేసింది. ఇంకేముంది అక్కడ?"

"ఫ్యూజు కూడా తప్పు తీగలోనే ఉంది. స్విచ్చిలూ, ఫ్యూజులూ, అన్నీ. అది పోయినా హోల్డరు దాకా కరెంటు నిలబడే ఉంది. చెయ్యి కిందికి దించు. గుడ్డ పడేయ్. దించావా?"

"దించాను" అంది ఆవిడ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

మామ బండ్లు తడుముకుంటూ వెళ్లాడు. ఆవిణ్ని మెట్టు మెట్టుగా దింపాడు. నిచ్చెన ఎక్కి ఖాళీ హోల్డరులోకి టెస్టరు పెట్టాడు. కటిక చీకట్లో నారింజ చుక్క ఒక్కటీ వెలిగింది. హాల్లో ఉన్న పదిహేనుమందీ దాన్నే చూశారు.

"ఎవరు కలిపారు మామా దీన్ని?" అన్నాడు సూపర్‌వైజరు.

చీకటి ఉండబట్టి చెప్పగలిగాడు. "నేనే. నాకు ఎరుపు కనపడదు. ఎప్పుడూ కనపళ్లేదు."

వాళ్లావిడ అంది: "అదా రహస్యం? నాకెప్పుడో తెలుసు."

"నీకా?"

"పాత యజమాని సంతాప సభకి నల్ల స్వెటరు వేసుకుంటానని, నేను అల్లిన ఎర్ర స్వెటరు తొడుక్కుని ముందు వరసలో కూర్చోలేదూ! ఆయన మీద పాత కోపమేదో ఉందనుకున్నారంతా. నీకై నువ్వు చెబుతావని ఇరవై ఏళ్లు చూశాను. నిచ్చెన మీద ఉండగా చెబుతావనుకోలేదు." నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, ఆయన చొక్కా పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

మధ్యాహ్నం చిట్టి వచ్చింది. మెయిన్ ఆపించి, బోర్డు గదిలో టార్చి పట్టుకుని నిలబడింది. "ఇది ఎర్రది నాన్నా" అంది, అంతే. ఆయన తీగలు మార్చాడు, అయినా టెస్టరు పెట్టి చూసుకున్నాడు. బిగించిన ఎనిమిది కెపాసిటర్లూ పీకేశాడు. స్విచ్చిలన్నీ ఆపి అందరూ చీకట్లో నిలబడ్డారు. అరవై దాకా లెక్కపెట్టారు. హోల్డరులో చుక్క వెలగలేదు. బల్బుల్లోనూ ఏ వెలుగూ లేదు.

రిజిస్టరులో మామ తప్పంతా తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. సూపర్‌వైజరు చదివి తలెత్తాడు.

"అంతా బాగుంది మామా. కానీ ఎర్ర సిరాతో ఎందుకు రాశావు?"

ఇప్పుడాయన్ని అడిగి చూడండి. కూతురి షాపులో అదే బల్ల దగ్గర, డబ్బాలోంచి ఒక్కో ఎల్‌ఈడీ తీసి మీటరు పెట్టి కొలుస్తూ ఉంటాడు. తలెత్తడు.

"అంతా అబద్ధం" అంటాడు. "ఆ లాండ్రీకి నేను వైరింగే చెయ్యలేదు. మా ఆవిడ జన్మలో నిచ్చెన ఎక్కలేదు. నాకు ఎరుపు భేషుగ్గా కనపడుతుంది."